చీటీలో నాలుగో పని

ఆ చీటీ నా బల్ల మీద పదకొండు వారాలు ఉంది. ప్రతి ఆదివారం సాయంత్రం పాత చీటీలో పూర్తయిన పనులను కొట్టేసి, మిగిలినవాటిని కొత్త కాగితం మీదికి ఎక్కించడం నాకు ఏళ్ల తరబడి ఉన్న అలవాటు. అలా పదకొండు ఆదివారాలు ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి మారుతూ, ఒక్కసారీ కొట్టివేతకు నోచుకోని మాట ఒకటే ఉంది: "బూస్టర్", అంటే కోవిడ్ టీకా అదనపు డోసు. మొదటి వారం అది రెండో పని. కళ్లద్దాల కాడ విరగడంతో మూడో స్థానానికి దిగింది. బ్యాంకులో ఇవ్వవలసిన పత్రం గడువు ముంచుకొచ్చాక నాలుగో స్థానానికి జారి, అద్దెకు దిగినట్టు అక్కడే స్థిరపడిపోయింది.

నేను టీకాలను అనుమానించే మనిషిని కాను. పైగా వాటి తరఫున బంధువులతో గొంతు పెంచి వాదించిన చరిత్ర నాకు ఉంది. నాకు అరవై దాటాయి, పదిహేనేళ్లుగా మధుమేహం ఉంది. 2023 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం కోవిడ్ టీకాల విషయంలో జనాన్ని మూడు వర్గాలుగా చూడమని సూచించినప్పుడు, వయసు మళ్లినవారినీ, మధుమేహం, గుండెజబ్బు వంటివి ఉన్నవారినీ, గర్భిణులనూ, రోగనిరోధక శక్తి తగ్గినవారినీ, ముందు వరుసలో పనిచేసే ఆరోగ్య సిబ్బందినీ మొదటి వర్గంలో పెట్టి, వారికి చివరి డోసు తరువాత 6 నెలలకో 12 నెలలకో మరొక బూస్టర్ అవసరమని చెప్పింది. ఆరోగ్యంగా ఉన్న నడివయసువారికి మాత్రం మొదటి బూస్టర్ తరువాత మళ్లీ మళ్లీ వేయించుకోవాలని సిఫారసు చేయలేదు. అంటే ఎవరికి కావాలి, ఎవరికి అంత అవసరం లేదు అన్నది తేల్చి చెప్పిన విషయమే. నేను ఏ వర్గంలో ఉన్నానో నాకు తెలుసు. తెలిసి కూడా పదకొండు వారాలు వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదన్న ప్రశ్నకు నిజాయితీగా జవాబు వెతుక్కుంటే, టీకాల గురించి మనం సాధారణంగా మాట్లాడుకునే ధోరణిలోనే ఒక లోపం ఉందని నాకు అనిపించింది.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రపంచానికి పొంచి ఉన్న పది ఆరోగ్య ముప్పుల్లో టీకాల పట్ల జంకును ఒకటిగా చేర్చింది. ఆ మాట అప్పటినుంచి బాగా వాడుకలోకి వచ్చింది. అయితే ఆ జంకును అంతకు కొన్నేళ్ల ముందు వివరించిన నిపుణులు దానికి మూడు మూలాలు చెప్పారు: టీకా మీదా, దాన్ని ఇచ్చేవారి మీదా నమ్మకం లేకపోవడం ఒకటి, జబ్బు మన దాకా రాదులే అన్న ఉదాసీనత రెండోది, వెళ్లి వేయించుకోవడానికి వీలు కుదరకపోవడం మూడోది. ఈ మూడింటిలో మొదటిదాని మీదే మన చర్చంతా సాగుతుంది. పుకార్లు, వాటి ఖండనలు, ఖండనలకు ప్రతిఖండనలు. రెండోదాని మీద అప్పుడప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. మూడోదాన్ని మాత్రం చర్చించదగిన విషయంగా కూడా ఎవరూ చూడరు, ఎందుకంటే అందులో పుకారూ లేదు, కుట్రా లేదు, ఓడించవలసిన మూఢత్వమూ లేదు. ఉన్నదల్లా విరిగిన కళ్లద్దాల కాడ, బ్యాంకు గడువు, ఇంటికి రావలసిన ఒక పార్శిల్.

ఆ పార్శిల్ సంగతి చెప్పాలి. మా ఇంట్లో నీటిని వడపోసే యంత్రంలో ఒక గొట్టం ఉంటుంది. దాని పని అయిపోవస్తే యంత్రం ముందున్న ఎర్ర దీపం మిణుకుమంటుంది. ఆ దీపం వెలిగిన రోజునే కొత్త గొట్టానికి ఆర్డర్ ఇచ్చాను. నాలుగు రోజుల్లో వస్తుందన్నారు. ఐదో రోజున "ఆలస్యానికి చింతిస్తున్నాం" అన్న సందేశం వచ్చింది. ఎనిమిదో రోజు శనివారం. ఆ ఉదయం పదకొండు గంటలకు నేను టీకా కోసం సమయం తీసుకుని ఉన్నాను. సరిగ్గా తొమ్మిది గంటలకు ఫోన్ మోగి, మీ పార్శిల్ డెలివరీకి బయలుదేరింది, ఈ రాత్రి తొమ్మిది లోపు చేరుతుంది, తీసుకునేవారు ఇంట్లో ఉండి అంకెల కోడ్ చెప్పాలి అని తెలియజేసింది. పన్నెండు గంటల వ్యవధిలో ఎప్పుడైనా రావచ్చు. ఇంట్లో ఉన్నది నేను ఒక్కణ్ణే. గొట్టం లేకపోతే తాగే నీళ్లకు ఇబ్బంది. టీకా లేకపోతే ఆ రోజుకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. నేను టీకా సమయాన్ని రద్దు చేసుకున్నాను. పార్శిల్ ఆ రోజు రాలేదు. రాత్రి తొమ్మిది దాటాక "ప్రయత్నించాం, ఇంట్లో ఎవరూ లేరు" అన్న సందేశం వచ్చింది. తలుపు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని ఆ మాట చదివాను.

నా కోపం సంచులు మోసే ఆ కుర్రవాడి మీద కాదు. అతని రోజువారీ లెక్కలో ఎన్ని తలుపులు ఉంటాయో, చివరి పది తలుపులకు చేరేసరికి ఎంత చీకటి పడుతుందో కొంత ఊహించగలను. నేను గమనించిన విషయం వేరు. సరుకు ఆలస్యమైతే ఆ ఆలస్యపు ఖర్చు అమ్మినవాడి ఖాతాలో పడదు. ఎదురుచూసేవాడి దినచర్యలో పడుతుంది. అక్కడ కూడా అది అన్ని పనుల మీదా సమానంగా పడదు. అడిగేవాళ్లున్న పనులను అది ముట్టుకోదు; అడిగేవాళ్లు లేని పని మీదే పోయి పడుతుంది. బ్యాంకు నోటీసు పంపుతుంది, విరిగిన కళ్లద్దం ప్రతి నిమిషం ముక్కు మీద గుర్తుచేస్తుంది, వడపోత యంత్రం ఎర్ర దీపం వెలిగిస్తుంది. తగ్గిపోతున్న రోగనిరోధక శక్తికి అలాంటి దీపం లేదు.

దీపం లేదన్నది పోలిక కోసం అన్న మాట కాదు. హెపటైటిస్ బి అనే కాలేయపు జబ్బు విషయంలో రక్తపరీక్ష చేసి, వైరస్‌ను అడ్డుకునే ప్రోటీన్లయిన యాంటీబాడీలు ఒక నిర్దిష్ట పరిమాణానికి మించి ఉంటే రక్షణ ఉన్నట్టే అని డాక్టర్లు చెప్పగలరు. కోవిడ్ విషయంలో ఒక మనిషికి ఇంత ఉంటే చాలు అని గీత గీసి చెప్పే అంకె స్థిరపడలేదు. అందుకే 2021 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ టీకా తరువాత రక్షణ ఎంత ఉందో తెలుసుకోవడానికి యాంటీబాడీ పరీక్షల మీద ఆధారపడవద్దని ప్రజలకు సూచించింది. లోపల ఎంత మిగిలి ఉందో చూసుకునే వీలు లేనప్పుడు క్యాలెండర్ ఒక్కటే దిక్కు. క్యాలెండర్ మాట వినకపోవడంలో మనిషికి ఉన్న నేర్పు తెలిసిందే.

అసలు ఒకసారి వేసుకున్న టీకా మళ్లీ ఎందుకు అన్న ప్రశ్న చాలామంది నన్ను అడిగారు. తగ్గిపోతుంది అంటే పనిచేయనట్టే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. తగ్గేది ఏమిటో, నిలిచేది ఏమిటో విడదీసి చూస్తే ఆ వాదం నిలవదు. టీకా వేసినప్పుడు రక్తంలో యాంటీబాడీలు ఒక్కసారిగా పెరుగుతాయి. వాటిలో ముఖ్యమైన రకానికి సగం ఆయుష్షు దాదాపు మూడు వారాలు. అంటే కొత్తవి తయారు కాకపోతే మూడు వారాలకు సగం, ఆరు వారాలకు పావు వంతు మిగులుతాయి. వాటిని తయారుచేసే కణాల్లో ఎక్కువ భాగం కొద్ది కాలానికే చచ్చిపోతాయి. కొన్ని మాత్రం ఎముక మజ్జలో చోటు సంపాదించుకుని ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా యాంటీబాడీలను వదులుతూ ఉంటాయి. వీటికి తోడు జ్ఞాపక కణాలు ఉంటాయి. అవి రోజూ పనిచేయవు, శత్రువు మళ్లీ కనబడితే తప్ప కదలవు, కదిలిన తరువాత కూడా పూర్తి సైన్యాన్ని నిలబెట్టడానికి వాటికి కొన్ని రోజులు పడుతుంది.

ఆ కొన్ని రోజుల గడువు ఉందా లేదా అన్నదాని మీదే బూస్టర్ అవసరం చాలావరకు ఆధారపడుతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లోకి వచ్చాక జబ్బు బయటపడటానికి నెలలు పడుతుంది కాబట్టి, జ్ఞాపక కణాలు తాపీగా లేచి కూడా దాన్ని అడ్డుకోగలవు. ఆరోగ్యవంతులకు అందులో మళ్లీ మళ్లీ బూస్టర్లు అక్కర లేదనడానికి ఇది ఒక కారణం. ఫ్లూ, కోవిడ్ వంటివి కొన్ని రోజుల్లోనే పని ముగిస్తాయి. అక్కడ ముక్కు, గొంతు దగ్గరే ఆపాలంటే యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉండాలి. అవి తగ్గాక వైరస్ లోపలికి వస్తుంది గానీ, జ్ఞాపక కణాలూ, వైరస్ సోకిన కణాలను చంపే టి కణాలూ లేచి వచ్చి జబ్బు ముదరకుండా చాలామందిలో ఆపుతాయి. అందుకే టీకా వేసుకున్నవారికి కూడా కోవిడ్ వచ్చింది, అందుకే వారిలో ఆసుపత్రి దాకా వెళ్లినవారు తక్కువ. నా వయసులో ఆ లేచి రావడం కొంచెం మందకొడిగా ఉంటుంది. ఉదయం మంచం దిగడంలో నాకున్న వేగం చూసినవారెవరికైనా ఈ సంగతి నమ్మడం కష్టం కాదు.

బూస్టర్ అన్న ఒకే పేరు కింద మనం నాలుగైదు వేర్వేరు పనులను కలిపేస్తున్నాం. తట్టు టీకా రెండో డోసు నిజానికి బూస్టర్ కాదు: మొదటి డోసుతో దాదాపు 93 శాతం మందికి రక్షణ వస్తుంది, మిగిలినవారిని కూడా అందుకోవడానికి రెండోది, దాంతో అది 97 శాతానికి చేరుతుంది. ఫ్లూ టీకా ఏటా వేయించుకోవలసి రావడానికి మన మరుపు కన్నా వైరస్ మార్పు పెద్ద కారణం. రాబోయే కాలానికి టీకాలో ఏ రకాలు ఉండాలో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరిలోనూ సెప్టెంబరులోనూ, నిపుణులను కూర్చోబెడుతుంది. ధనుర్వాతం సంగతి మరీ విచిత్రం. ఆ జబ్బు వచ్చి బతికి బయటపడినవాడికి కూడా దాని నుంచి రక్షణ రాదు, ఎందుకంటే మనిషిని చంపడానికి సరిపోయే విషం, రోగనిరోధక వ్యవస్థకు గుర్తుండిపోవడానికి సరిపోనంత స్వల్పం. పైగా అది మట్టిలోంచి వచ్చే జబ్బు, మనిషి నుంచి మనిషికి పాకేది కాదు. ఇరుగుపొరుగు అందరూ టీకా వేసుకున్నా వేసుకోనివాడికి ఒరిగేది ఏమీ లేదు. ఇంకో వైపు, పదేళ్లకోసారి అన్న నియమం తప్పని తేలి తీసేసిన సందర్భమూ ఉంది: ఎల్లో ఫీవర్ టీకా ఒక్క డోసుతోనే జీవితకాలం రక్షణ ఇస్తుందని 2013లో నిపుణులు తేల్చారు, 2016 జులై నుంచి ప్రయాణికుల ధ్రువపత్రం కూడా జీవితాంతం చెల్లుబాటవుతోంది. మళ్లీ మళ్లీ పొడవడమే ఈ శాస్త్రం పని అని అనుమానించేవారు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుంచుకుంటే చాలు. అవసరం లేదని తెలిసిన చోట ఆపేశారు.

అవసరమైన చోట ఆపేస్తే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన రోజుల్లో, 1990ల తొలి సంవత్సరాల్లో, ఆ దేశాల్లో డిఫ్తీరియా మళ్లీ విరుచుకుపడింది. పాతతరం వాళ్లు కంఠసర్పి అని పిలిచిన ఆ జబ్బు అప్పటికే పుస్తకాల్లో మిగిలిపోయిందనుకున్న జబ్బు. 1990 నుంచి 1998 వరకు 1,50,000కు పైగా కేసులు, దాదాపు 5,000 మరణాలు నమోదయ్యాయి. దాన్ని పిల్లల జబ్బుగానే ఎరిగిన డాక్టర్లు ఈసారి రోగుల్లో పెద్దవాళ్ల సంఖ్య చూసి ఆశ్చర్యపోయారు. చిన్నప్పుడు టీకా వేసుకుని, ఆ తరువాత దశాబ్దాల పాటు బూస్టర్ లేక రక్షణ అరిగిపోయినవారు వారిలో ఎందరో ఉన్నారు. దానికి తోడు పిల్లల్లో టీకాలు తగ్గడం, ప్రజల వలసలు, కుప్పకూలిన ఆరోగ్య వ్యవస్థ కలిసివచ్చాయి. పెద్దవాళ్ల బూస్టర్ అనేది ఎవరి బాధ్యతా కాని పనిగా మిగిలిపోతే ఎలా ఉంటుందో ఇంతకన్నా స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. పిల్లల టీకాలకు ఒక యంత్రాంగం ఉంది: పుట్టిన రోజు నుంచి కార్డు, బడిలో అడిగే పత్రం, ఇంటికి వచ్చి గుర్తుచేసే ఆరోగ్య కార్యకర్త. పెద్దవాడికి ఉన్నది వాడి చీటీ ఒక్కటే.

ఆలస్యాలన్నీ చెడ్డవని కూడా నేను అనను. టీకా విషయంలో విరామం మందులో ఒక భాగం. మొదటి డోసు తరువాత లింఫు గ్రంథుల్లో యాంటీబాడీలను తయారుచేసే కణాలు తమలో తాము పోటీపడుతూ, లక్ష్యానికి గట్టిగా అంటుకునేవి మిగిలి తక్కినవి రాలిపోయే ఒక సానబెట్టే ప్రక్రియ జరుగుతుంది. వైరస్ ముక్క ఒకదాన్ని తయారుచేసే సూచనను ఒంటికి అందించే ఎంఆర్ఎన్ఏ రకం కోవిడ్ టీకా రెండో డోసు తరువాత కనీసం 12 వారాల పాటు ఆ ప్రక్రియ కొనసాగినట్టు 2021లో వచ్చిన పరిశోధన చూపింది. సాన పూర్తి కాకముందే మళ్లీ పొడిస్తే ఫలితం అంత బాగుండదు. 2020 డిసెంబరు చివర్లో బ్రిటన్ ఎక్కువమందికి మొదటి డోసు అందించాలన్న తొందరలో రెండు డోసుల మధ్య ఎడాన్ని 12 వారాల దాకా పెంచినప్పుడు చాలా విమర్శలు వచ్చాయి. తరువాతి పరిశీలనల్లో ఎక్కువ ఎడం ఇచ్చినవారిలో యాంటీబాడీల స్పందన మరింత బలంగా కనిపించింది. కాబట్టి రెండు సూదుల మధ్య నెలలు గడవాలి. చిక్కేమిటంటే, శరీరం సానబెట్టుకునే ఆ నెలల్లోనే మనిషి మరిచిపోతాడు. మూడు వారాల్లో రెండో డోసు అంటే ఎవరైనా గుర్తుంచుకుంటారు. ఏడాదికో, పదేళ్లకో అంటే ఆ కార్డు ఏ అరలో పెట్టామో కూడా తెలియదు.

టీకా కూడా ఒక పార్శిలే అని నాకు ఆలస్యంగా తట్టింది. తలుపు ముందు కుర్చీ వేసుకుని గొట్టం కోసం ఎదురుచూస్తూ, అది ఎక్కడ ఆగిందో గంటకోసారి ఫోన్‌లో చూసుకుంటున్న నాకు, నా కోసం ఒక సీసా ఎక్కడినుంచి ఎలా వచ్చి శీతల పెట్టెలో కూర్చుని ఉందన్న ఆలోచన రాలేదు. చాలా టీకాలను తయారైన చోటు నుంచి భుజం దాకా 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంచాలి. 2020 చివర్లో వచ్చిన ఫైజర్ ఎంఆర్ఎన్ఏ టీకాను మొదట్లో సున్నాకు 70 డిగ్రీల కిందికి దగ్గరగా, పొడి మంచు నింపిన పెట్టెల్లో పంపవలసి వచ్చింది. వేడి ఒక్కటే శత్రువు అనుకుంటే పొరపాటు. ధనుర్వాతం, హెపటైటిస్ బి వంటి టీకాలు గడ్డకడితే పాడవుతాయి, మళ్లీ కరిగినా పనికిరావు. సీసా దారిలో ఎంత వేడి తిన్నదో చెప్పడానికి 1996 నుంచి పోలియో చుక్కల సీసాల మీద ఒక చిన్న గుర్తు అంటిస్తున్నారు: వృత్తం మధ్యలో లేతరంగు చతురస్రం. వేడి తగిలేకొద్దీ ఆ చతురస్రం నల్లబడుతుంది. చుట్టూ ఉన్న వృత్తమంత నల్లబడితే ఆ సీసాను పారేయాలి. చదువు అక్కరలేదు, యంత్రం అక్కరలేదు, కన్ను చాలు. ఏ సరుకు పెట్టె మీదా ఇంత నిజాయితీ గల ట్రాకింగ్ నేను చూడలేదు.

ఇంత కట్టుదిట్టంగా వచ్చిన సరుకుకు ఆఖరి మజిలీ మాత్రం నా కాళ్లు. విమానం, మంచు పెట్టె, థర్మామీటరు, రికార్డు పుస్తకం అన్నీ తమ పని సమయానికి చేశాక, డెలివరీ చివరి రెండు కిలోమీటర్లూ నా మీద ఆధారపడి ఆగింది. మొదట్లో వచ్చిన ఫైజర్ సీసాలను ద్రావణం కలిపాక 6 గంటల్లో వాడేయవలసి వచ్చేది, ఒక్కో సీసాలో పలువురికి సరిపడా మందు ఉండేది. నేను రద్దు చేసుకున్న శనివారం నా వంతు మందు ఏమైందో తెలియదు. ఇంకొకరికి వేసి ఉంటారని అనుకోవడం నాకు సౌకర్యంగా ఉంది. "ప్రయత్నించాం, ఇంట్లో ఎవరూ లేరు" అని రాయదగిన సందర్భం ఏదైనా ఉంటే అది ఇదే.

అయితే ఇక్కడే ఆగి, తప్పంతా నా బద్ధకానిదే అని తేల్చేస్తే అది సులువైన ముగింపు అవుతుంది గానీ న్యాయం కాదు. నా వంటివాడికి పని ఎగ్గొట్టినా జీతం పోదు, వేచి ఉండటానికి కుర్చీ ఉంది, ఫోన్‌లో సమయం తీసుకోవడం తెలుసు. పొద్దున్నే బయలుదేరి పొద్దుపోయాక ఇల్లు చేరే మనిషికి, పనివేళల్లోనే తెరిచి ఉండే టీకా కేంద్రం మూసి ఉన్నదానితో సమానం. సూది పడిన మరునాడు జ్వరం వస్తే అతనికి ఇంకో రోజు కూలి పోతుంది. ఒక గంట పని అని మనం చెప్పేది అతనికి రెండు రోజుల ఆదాయం. అలాంటి మనిషి రాకపోతే అతనికి విజ్ఞానం లేదని ఉపన్యాసం ఇవ్వడం నాకు అన్యాయంగా తోస్తుంది. అతని నమ్మకాన్ని ప్రశ్నించే ముందు కేంద్రం తలుపు మీద రాసిన వేళలను ప్రశ్నించాలి.

బహుమతులతో జనాన్ని రప్పించే ప్రయత్నాలు జరిగాయి. 2021లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం టీకా వేసుకున్నవారి పేర్లతో లాటరీ నడిపి ఐదుగురికి తలా పది లక్షల డాలర్లు ఇచ్చింది. దాని వల్ల టీకాలు చెప్పుకోదగినంత పెరిగిన ఆధారం లేదని తరువాతి విశ్లేషణలు తేల్చాయి. అదే 2011లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగం నాకు ఎక్కువ నచ్చింది. ఒక సంస్థ ఉద్యోగులకు ఫ్లూ టీకా గురించి ఉత్తరాలు పంపుతూ, కొందరి ఉత్తరాల్లో "ఏ రోజు, ఎన్ని గంటలకు వెళతారో ఇక్కడ రాసుకోండి" అని ఒక ఖాళీ గడి ఉంచారు. ఆ కాగితాన్ని తిరిగి ఎవరికీ ఇవ్వనక్కర లేదు, ఎవరూ తనిఖీ చేయరు. అయినా ఆ గడి ఉన్నవారిలో టీకా వేసుకున్నవారు దాదాపు 4 శాతం పాయింట్లు ఎక్కువ. ఖర్చు దాదాపు శూన్యం. నా పదకొండు చీటీల్లో "బూస్టర్" అని రాసి ఉంది తప్ప రోజూ లేదు, గంటా లేదు. బ్యాంకు పని పక్కన మాత్రం "గురువారం, మూడింటి లోపు" అని గీత కింద గీత గీసి ఉంది.

పన్నెండో వారం మంగళవారం, ఉదయం పదిన్నర అని రాశాను. ఆ పక్కనే, కళ్లద్దాలు తెచ్చుకునే దారిలో అని కూడా రాశాను. పార్శిల్ సంగతి ఎదురింటావిడకు అప్పగించి, అంకెల కోడ్ కాగితం మీద రాసిచ్చాను. "ఇంతోటి దానికి ఇన్ని రోజులు ఆగారా అన్నయ్యా, ముందే చెబితే నేను ఉండేదాన్ని కదా" అని ఆవిడ మందలించింది. ముందే చెప్పవచ్చన్న ఆలోచనే నాకు రాలేదు. కేంద్రంలో పెద్ద జనం లేరు. నర్సు పేరు అడిగింది, వయసు అడిగింది, ఇంతకు ముందు ఏ టీకాకైనా ఒళ్లు దద్దురెక్కిందా అని అడిగింది, ఏ చేతివైపు తిరిగి పడుకుంటారని అడిగి రెండో చేతికి వేసింది. ఫ్లూ టీకా కూడా ఉంది, ఒకే రోజు వేయవచ్చు, వేయమంటారా అని అడిగింది. వేయమన్నాను. ఇంకొక పదకొండు చీటీల బాధ తప్పింది.

ఆ తరువాత పదిహేను నిమిషాలు కూర్చోమన్నారు. టీకా కేంద్రానికి వచ్చేవారు అన్నింటికన్నా ఎక్కువ విసుక్కునేది ఈ పదిహేను నిమిషాల గురించే అనుకుంటాను. నా పక్కన కూర్చున్న పెద్దాయన మూడుసార్లు గడియారం చూసి, నాలుగోసారి లేచి వెళ్లిపోయారు. ప్రమాదకరమైన అలర్జీ ప్రతిచర్య చాలా అరుదు. లక్షల డోసులకు కొన్ని కేసుల లెక్కలో వస్తుంది. అయితే వచ్చేది ఎక్కువగా ఆ మొదటి నిమిషాల్లోనే, అప్పుడు అడ్రినలిన్ సూది వెంటనే పడితే మనిషి దక్కుతాడు, దారిలో ఆటంకం వస్తే దక్కకపోవచ్చు. పన్నెండు గంటలు గొట్టం కోసం కదలకుండా కూర్చున్నవాణ్ణి, ఈ పదిహేను నిమిషాలకు విసుక్కునే అర్హత నాకు లేదనిపించి కదలకుండా కూర్చున్నాను.

ఆ రాత్రి చలి పెట్టింది. మరునాడు మధ్యాహ్నం దాకా ఒళ్లు నొప్పులు, కొద్దిపాటి జ్వరం, సూది పడిన చెయ్యి భుజం పైకి లేవకపోవడం. ఇవి జబ్బు లక్షణాలు కావు. చొరబాటుదారుడు వచ్చాడనుకుని రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే రసాయన సందేశాల ఫలితం, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. కారణం తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గలేదు. ఈ ఒక రోజును కూడా ముందే లెక్కలో వేసుకుని చెప్పడం మంచిదని నా అభిప్రాయం. ఏమీ కాదు, చీమ కుట్టినట్టుంటుంది అని బుజ్జగించి పంపితే, మరునాడు పడుకున్నవాడు వచ్చే ఏడాది రాడు, పైగా మనం చెప్పిన మిగతా నిజాలను కూడా అనుమానిస్తాడు. ఒక రోజు నలతగా ఉండవచ్చు, మరునాడు బరువు పనులేవీ పెట్టుకోవద్దు అని చెప్పడానికి ధైర్యం అక్కర లేదు. యజమానులు ఆ ఒక రోజును జీతంతో సెలవుగా ఇస్తే, ఉపన్యాసాలకు అయ్యే ఖర్చు కన్నా తక్కువే అవుతుందని నాకు గట్టి నమ్మకం.

గొట్టం శుక్రవారం వచ్చింది. చెయ్యి అప్పటికి బాగానే లేస్తోంది కాబట్టి యంత్రం మూత నేనే విప్పి బిగించాను. ఎర్ర దీపం ఆరింది. పెట్టె అడుగున రెండు చిన్న అంటింపు కాగితాలు ఉన్నాయి, "మార్చిన తేదీ", "మళ్లీ మార్చవలసిన తేదీ" అని అచ్చువేసి, ఖాళీ గడులతో. ఒకటి యంత్రం మీద అంటించాను. రెండోది అదనంగా ఎందుకు ఇచ్చారో తెలియదు, బహుశా మొదటిది పాడుచేసుకునేవారి కోసం. దాన్ని టీకా కార్డు వెనక అంటించి, రెండు గడులూ నింపి, కార్డును నీటి యంత్రం పక్కన మేకుకు తగిలించాను.